గీతకు క్లెయిమ్, ప్రాణానికి పంచాయితీ

మా వైపు కారు ఇన్సూరెన్స్ వాడకంలో ఒక తలకిందుల పద్ధతి ఉంది. డోరు మీద గీత పడితే షోరూమ్‌కు పోయి క్లెయిమ్ పెడతాం. కారు తగిలి మనిషి కాలు విరిగితే మాత్రం కంపెనీకి కబురు కూడా పోనివ్వకుండా నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి తెంపుకుంటాం. ఎందుకని అడిగితే ‘‘క్లెయిమ్ అయితే ప్రీమియం పెరుగుతది’’ అంటారు. మొదటిదానికి పెరుగుతుంది, నిజమే. రెండోదానికి రూపాయి కూడా పెరగదు. జనం వణికేది మాత్రం రెండోదానికే.

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెప్పుకునే మనిషిని నేను. ఏజెంటును కాను, వకీలును అసలే కాను. కాకపోతే పాలసీ కాగితం చివరి పేజీ దాకా చదివే రోగం ఒకటి ఉంది. అందుకే చుట్టాల్లో ఎవరి బండికి ఏమైనా ఫోన్ నాకే వస్తుంది. అట్లా వచ్చిన ఫోన్ల నుంచి పుట్టిన కోపమే ఈ వ్యాసం.

ముందు ప్రీమియం సంగతి. చాలామంది కింద ఉన్న మొత్తం చూసి, కట్టేసి, కాగితాన్ని ఫోన్లో దాచేస్తారు. ఆ మొత్తం రెండు గడుల నుంచి వస్తుంది. ఒకటి ఓన్ డ్యామేజ్, మన బండికి జరిగే నష్టానికి. రెండోది థర్డ్ పార్టీ, మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది ఈ రెండోదాన్నే.

థర్డ్ పార్టీ గడిలోని అంకె కంపెనీ తన ఇష్టం మీద వేసేది కాదు. ఇంజన్ సైజును బట్టి కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో సొంత కార్లకు 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. దాని మీద జీఎస్టీ. ఏ కంపెనీలో కట్టినా ఇదే. నర్సంపేటలో కట్టినా ముంబైలో కట్టినా ఇదే. నిరుడు మీ కారు ఎవరినీ తాకలేదా, 3,416. ఒకరి మీదికి ఎక్కిందా, అదే 3,416. తప్పు చేసినవాడికి రేటు పెంచే ఏర్పాటు అందులో లేదు. ఇది సరైన పద్ధతేనా అంటే నాకైతే కాదనిపిస్తుంది. తాగి నడిపి కేసులైనవాడూ, ముప్పై ఏళ్లుగా ఒక్క చలానా ఎరగని మా పెద్దబాపూ ఒకే రేటు కట్టడం ఏం న్యాయం? అయినా ఉన్న పద్ధతి అది. దాన్ని తెలుసుకోకుండా భయపడటం వల్ల నష్టపోయేది మనమే.

రేటు కదిలేది ఓన్ డ్యామేజ్ గడిలో. అందరూ ఎన్‌సీబీ అనే నో క్లెయిమ్ బోనస్ ఉండేది అక్కడే. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్లయితే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అక్కడ ఆగుతుంది. మధ్యలో ఒక్క క్లెయిమ్ పడితే ఈ మెట్లన్నీ పోయి మళ్లీ సున్నా. మెట్టు మెట్టుగా దిగడం ఉండదు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్ఆన్ (విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు రక్షణ) కొనుక్కున్నవాళ్లకు మాత్రం, ఆ యాడ్ఆన్ పెట్టిన హద్దుల్లో, బోనస్ నిలుస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క. ‘‘బోనస్ పోతది’’ అనేవాళ్లు చాలామందే గానీ, ఎంత పోతుందో వేసి చూసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. నాలుగేళ్లు క్లెయిమ్ లేకుండా గడిచి, ఈసారి రెన్యువల్‌కు 45 శాతం రావాల్సిన కారు తీసుకుందాం. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఐదు రెన్యువల్స్‌లో తగ్గింపు 45, 50, 50, 50, 50. క్లెయిమ్ పెడితే 0, 20, 25, 35, 45. తేడాలు వరసగా 45, 30, 25, 15, 5. కూడితే 120. అంటే ఒక్క క్లెయిమ్ ఖరీదు, బోనస్ తీయకముందున్న ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి దాదాపు ఒకటింబావు రెట్లు, ఐదేళ్లలో పంచుకుని. ఆ ప్రీమియం 8,000 అనుకుంటే 9,600. 18 శాతం జీఎస్టీ కలిపితే 11,328. ఏటా బండి విలువతో పాటు ప్రీమియం కూడా తగ్గుతూ పోతుంది కాబట్టి నిజంగా పోయేది దీనికంటే కొంత తక్కువే.

అదే కారు కొని ఏడాదే అయ్యి, రావాల్సిన బోనస్ 20 శాతమే అయితే? క్లెయిమ్ లేకుంటే 20, 25, 35, 45, 50. ఉంటే 0, 20, 25, 35, 45. తేడాల మొత్తం 50. సగం ప్రీమియం. కొత్త కారున్నవాడు బోనస్ కోసం భయపడాల్సింది తక్కువ, పాత కారున్నవాడు ఎక్కువ. మన దగ్గర జరిగేది చూస్తే దీనికి కూడా అడ్డంగానే ఉంటుంది. కొత్త కారుకు చిన్న సొట్ట పడ్డా ప్రాణం పోయినంత పని అవుతుంది కాబట్టి ‘‘క్లెయిమ్ వద్దు, రికార్డు పాడైతది’’ అని జేబు నుంచి పెట్టుకుంటాడు. ఆరేళ్ల తర్వాత అదే మనిషి, 50 శాతం బోనస్ ఉన్నప్పుడు, బంపర్ గీరుకుపోయిందని క్లెయిమ్ పెడతాడు.

ఇంకో కిటుకు ఉంది. బోనస్ బండిది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే పాత కంపెనీ నుంచి బోనస్ సర్టిఫికెట్ తీసుకుని కొత్త కారుకు వాడుకోవచ్చు. మూడేళ్ల దాకా చెల్లుతుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం పాతదానికంటే ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి, వచ్చే దసరాకు కారు మార్చాలనుకునేవాడు ఇప్పుడు పెట్టే చిన్న క్లెయిమ్ చాలా ఖరీదైంది. పాత బండికి ఏజెంటు మాటతో ఏదో ఒక బోనస్ శాతం రాయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. క్లెయిమ్ రోజున కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది, అబద్ధం అక్కడ దొరుకుతుంది. అట్లాగే పాలసీ గడువు దాటిపోయి 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే, ఒక్క క్లెయిమ్ లేకపోయినా బోనస్ పోతుంది.

బంపర్ సంగతికి వద్దాం. షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ మాట ఎప్పుడూ ఒకటే: ‘‘సార్, ఇన్సూరెన్స్ ఉందిగదా, మీ జేబులకెళ్లి పోయేదేముంది?’’ ఆయన తప్పేం లేదు, ఆయనకు పని కావాలి. 14,000 ఎస్టిమేట్ ఇచ్చాడనుకుందాం: కొత్త బంపర్ 6,000, పెయింటింగ్ 6,000, కూలి 2,000. జీరో డెప్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ఆన్) లేని మామూలు ప్యాకేజీ పాలసీలో, అంటే ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండు గడులూ ఉన్నదాంట్లో, ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ సగం విలువకే లెక్క. బంపర్ మీద 3,000 కోత. పెయింటింగ్ బిల్లులో పావు వంతును రంగు ఖర్చుగా తీసుకుని అందులో సగం కోస్తారు, అంటే 750. ఆపైన ప్రతి క్లెయిమ్‌కు మనం పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, ఆపైన 2,000. అన్నీ పోతే కంపెనీ ఇచ్చేది 9,250. పోయే బోనస్ చూశాం కదా, దాదాపు అంతే. 50 శాతం బోనస్ ఉన్నవాడికి పూర్తిగా నష్టం. ములుగు రోడ్డులో డెంటింగ్ మేస్త్రీ దగ్గరికి పోతే పాత బంపర్‌నే వేడి చేసి, సరిచేసి, రంగు వేసి ఇస్తాడు. బిల్లు కూడా షోరూమ్ బిల్లులా ఉండదు.

పాత బండ్లకు లోహపు భాగాల మీద కూడా కోత పెరుగుతూ పోతుంది. ఆరు నెలల దాకా ఏమీ లేదు. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య 10 శాతం, మూడు నాలుగేళ్ల మధ్య 25, ఐదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50. అద్దాలకు మాత్రం కోత లేదు. జీరో డెప్ కొంటే ఈ కోతలు చాలావరకు పోతాయి, కానీ డిడక్టిబుల్ పోదు, బోనస్ నష్టం కూడా పోదు. జీరో డెప్ ఉంటే క్లెయిమ్ ఉచితం అనుకునేవాళ్లకు ఈ సంగతి రెన్యువల్ నాడు తెలుస్తుంది.

అడ్వైజర్ రెండో మాట ఇంకా ప్రమాదం: ‘‘ఎడమ డోరు సొట్ట, వెనక బంపర్, ముంగట ఫెండర్... అన్నీ కలిపి ఒకటే యాక్సిడెంట్ అని రాద్దాం సార్.’’ ఎడమ పక్క తగిలింది సంక్రాంతికి, వెనక తగిలింది మొన్న. రాసి సంతకం పెట్టేది మీరు, ఆయన కాదు. సర్వేయర్ కళ్లకు తుప్పు పట్టిన సొట్టా, తాజా సొట్టా తేడా తెలియదనుకోవడం అమాయకత్వం. అబద్ధం అని తేలితే నిజంగా జరిగిన మొన్నటి నష్టం కూడా పోతుంది.

ఇక నాకు అసలు కోపం తెప్పించే సంగతి. బోనస్ పోవడానికి తప్పు ఎవరిదన్నది లెక్కలోకే రాదు. మా బావ కారు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉంటే, పత్తి నింపుకొని ఎనుమాముల పోతున్న ట్రాక్టర్ ట్రాలీ వెనక నుంచి తగిలింది. ట్రాలీకి వెనక లైటు లేదు, ట్రాక్టర్‌కు కాగితాలు లేవు. డ్రైవర్ దండం పెట్టి ‘‘కూలోన్ని సార్’’ అన్నాడు. బావ తన పాలసీ మీదనే క్లెయిమ్ పెట్టుకున్నాడు, ఐదేళ్లుగా కూడిన 50 శాతం బోనస్ సున్నా అయింది. చట్టం ప్రకారం ట్రాక్టర్ ఓనర్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నష్టం అడగొచ్చు. ట్రాక్టర్‌కు పాలసీ ఉండి ఉంటే ఆ కంపెనీ కట్టేది. వెనక డిక్కీ డోరు కోసం కోర్టు మెట్లు ఎవరెక్కుతారు? అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు ఈ సంగతి విని నమ్మలేదు. అక్కడ తప్పు ఎవరిదో కంపెనీలే మాట్లాడుకుని తేల్చుకుంటాయి, తప్పు చేసినవాడికే కొన్నేళ్లపాటు రేటు పెరుగుతుంది అన్నాడు. రాష్ట్రాన్ని బట్టి అక్కడా తేడాలున్నాయి గానీ, మూలంలో తప్పుకూ రేటుకూ సంబంధం ఉంది. ఇక్కడ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పెడితే బోనస్ పోతుంది, తప్పు ఎవరిదైనా సరే. మన జనం మాత్రం అక్కడి పిల్లలు ఫోన్లో చెప్పే రేటు భయాన్ని ఇక్కడి థర్డ్ పార్టీకి అంటించుకుని తిరుగుతున్నారు.

వరదకు కూడా అంతే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ వారమే భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. హన్మకొండ, వరంగల్ కాలనీల్లో నిలబెట్టిన కార్లు స్టీరింగ్ దాకా మునిగాయి. అందులో ఏ ఓనర్ తప్పుంది? క్లెయిమ్ పెట్టినవాళ్ల బోనస్ అందరితో పాటే పోయింది. అయినా అవి పెట్టాల్సిన క్లెయిములే, ఎందుకంటే అక్కడ నష్టం లక్షల్లో. వరదలో ఇంకో మెలిక ఉంది. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను ‘‘ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’’ అని స్టార్ట్ చేస్తే నీళ్లు లోపలికి పీల్చుకుని ఇంజన్ బిగుసుకుపోతుంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ లేనివాళ్లకు కంపెనీ ఇక్కడే అడ్డం చెబుతుంది. నష్టం వాన వల్ల కాదు, నువ్వు స్టార్ట్ చేయడం వల్ల అని. సెల్ఫ్ ముట్టకుండా ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, బండిని లాగించుకుని పోవడమే పని.

రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీలో, అంటే బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కకట్టి ఐడీవీ ఇస్తారు. ప్రీమియం వెయ్యి రూపాయలు తగ్గుతుందని ఐడీవీ తక్కువ వేయించుకునేవాళ్లకు తేడా తెలిసేది అప్పుడే. అంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు పంచాయితీ.

వానాకాలం కోతల తర్వాత మా పల్లెల రోడ్లు సగం కల్లాలే. తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి పట్టా కప్పుతారు. రైతును అనడానికి నాకు నోరు రాదు, కల్లం లేక ఆ పని చేస్తున్నాడు. కానీ చీకట్లో ఆ రాళ్లు తప్పించబోయి ఎదురుగా వచ్చే బండికి తగలడం ఏటా ఉన్న ముచ్చటే. వర్ధన్నపేట దిక్కు అట్లాంటి రోడ్డు మీదనే మా చిన్నబాపు కొడుకు కారు ఒక బైకుకు తగిలి, బైకు మీది మనిషి తొడ ఎముక విరిగింది. కారుకు ప్యాకేజీ పాలసీ ఉంది, తమ్ముడికి లైసెన్స్ ఉంది, తాగలేదు. అన్నీ సక్రమంగా ఉన్న కేసు. రాత్రికి రాత్రే రెండు ఊళ్ల పెద్దమనుషులు దిగారు. ‘‘పోలీస్ కేసు ఎందుకు తమ్మీ, తిరగలేక సస్తవ్. ఇన్సూరెన్సోడు పైసలిచ్చేదుందా? ఇచ్చినా రేపటేలకు ప్రీమియం డబుల్ జేస్తడు’’ అని రెండు లక్షలకు తెంపారు. తమ్ముడి దగ్గర అంత లేదు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. నెలకు మిత్తి 6,000. థర్డ్ పార్టీకి ఏడాది మొత్తం కట్టే 3,416 ఎక్కడ, ఒక్క నెల మిత్తి ఎక్కడ? పెరుగుతుందని భయపడిన ఆ ప్రీమియం పెరగనే పెరగదు. ఆ క్లెయిమ్ వల్ల ఓన్ డ్యామేజ్ బోనస్ కూడా పోదు, తన కారు రిపేరు అడిగితేనే పోతుంది.

నాకు ఫోన్ వచ్చింది డబ్బు చేతులు మారిన తర్వాత. ‘‘అన్నా, గిప్పుడు కంపెనీ నుంచి ఆ రెండు లక్షలు అడగొచ్చా?’’ అడగలేడు. ప్యాకేజీ పాలసీ షరతుల్లోనే ఉంది, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, ఇస్తానని మాట ఇవ్వకూడదు, డబ్బు ఇవ్వకూడదు. మనం పంచాయితీలో చేసే మూడు పనులూ అవే. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవర్ మీద వేరే మూడు బాధ్యతలు పెట్టింది: దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందించడం, 24 గంటల్లో పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం. పెద్దమనుషుల లెక్కలో ఈ మూడింటిలో రెండు చేయకూడని పనులు.

ఇంతవరకు ఓనర్ నష్టమే మాట్లాడాను. పంచాయితీలో అంతకంటే ఎక్కువ మోసపోయేది దెబ్బ తిన్న కుటుంబం. ప్రాణం పోయిన కేసు తీసుకుందాం. 35 ఏళ్ల మనిషి, హమాలీ పని, నెలకు 12,000 సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ట్రిబ్యునల్ ఎట్లా లెక్కిస్తుందో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఏడాది సంపాదన 1,44,000. సొంతంగా సంపాదించుకునే 40 ఏళ్ల లోపువాళ్లకు ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి, 2,01,600. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి ఆ మనిషి సొంత ఖర్చు కింద పావు వంతు తీసేస్తే 1,51,200. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం 16. మొత్తం 24,19,200. అంత్యక్రియల ఖర్చు వగైరా దానికి అదనం. సంపాదన రుజువు కాకపోతే, చనిపోయినవాడి తప్పు కూడా ఉందని తేలితే తగ్గుతుంది. తగ్గినా పంచాయితీలో వినిపించే మూడు లక్షలు, నాలుగు లక్షల దగ్గరికి ఎందుకు దిగాలి? ఆ డబ్బు ఇవ్వాల్సింది కారు ఓనర్ జేబు కాదు, కంపెనీ. ప్రాణనష్టానికి, గాయాలకు థర్డ్ పార్టీ పాలసీలో ఇంతే అనే పైహద్దు కూడా లేదు. ఇటు ఓనర్ తన మూడు లక్షలు పోగొట్టుకున్నాడు, అటు విధవరాలు తనకు రావాల్సిన 20 లక్షలు పోగొట్టుకుంది. మిగిలింది కంపెనీకి. ప్రీమియం తీసుకున్న కంపెనీకి ఇంతకంటే లాభసాటి పెద్దమనుషులు ఎక్కడ దొరుకుతారు?

అంత ఇచ్చినా కేసు పోతుందా అంటే అదీ లేదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీశాడన్న కేసు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106(1) కింద పడుతుంది. చట్టంలోని రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో అది లేదు. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసుగా రాసుకున్న తర్వాత పోలీసులకు ఎట్లాగూ కబురు పోతుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఎంతమంది వేలిముద్రలు వేసినా అది కోర్టును కట్టేయదు.

దీనికి ఎదురుగా చెప్పే మాటల్లో బలమున్నది ఒకటే, కోర్టులో ఏళ్లు పడుతుంది, ఆస్పత్రి బిల్లు ఈ రాత్రే కట్టాలి. అది నిజం. ఆ నిజాన్ని కాదనేవాడు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి క్యాజువాలిటీ ముందు ఒక రాత్రి నిలబడి చూడలేదన్నట్టే. అయితే ఇవాళ్టి ఖర్చుకు చేతనైనంత సాయం చేయడం వేరు, ‘ఇకమీద నాకే హక్కూ లేదు’ అని రాయించుకోవడం వేరు. మొదటిది మానవత్వం, చట్టం వైద్యం అందించమనే చెబుతుంది. రెండోది బేరం. పైగా 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్నవాళ్లకు పథకంలో చేరిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వరకు నగదు లేని చికిత్స ఉంది. పోలీసుల దగ్గర ప్రమాదం నమోదు కాకపోతే అది నడవదు. పోలీసులకు చెప్పొద్దనే పెద్దమనిషి ముందు ఆ లక్షన్నరకే గండి కొడుతున్నాడు. తప్పు ఎవరిదో రుజువు చేసే తలనొప్పి వద్దనుకున్నవాళ్లకు మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ ఉంది, ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే 2.5 లక్షలు. తక్కువే, కానీ వాదన లేకుండా. లోక్ అదాలత్‌లో కంపెనీతో రాజీ కుదిరే కేసులు కూడా ఉంటాయి. అక్కడ వచ్చే అంకెకు లెక్క ఉంటుంది, రాయించిన కాగితానికి కోర్టు తీర్పు విలువ ఉంటుంది. ఇంకోటి, అదే చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగే దరఖాస్తుకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువును 2022 ఏప్రిల్‌లో తెచ్చారు. ‘‘వచ్చే నెల మిగతా పైసలిస్తం’’ అని పంచాయితీ సాగదీసేది సరిగ్గా ఆ ఆరు నెలలే.

నిజంగా భయపడాల్సినవాళ్లు కొందరున్నారు. పాలసీ గడువు తీరినవాళ్లు, లైసెన్స్ లేని కొడుకు చేతికి తాళం ఇచ్చినవాళ్లు, తాగి నడిపినవాళ్లు. వాళ్లకు పంచాయితీ తప్ప దారి కనిపించదు. పెద్దమనుషుల చుట్టూ మూగేవాళ్లలో వీళ్లు తక్కువేం కాదు. వీళ్ల భయాన్ని చూసి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవాడు కూడా భయపడటమే విడ్డూరం. మేడారం జాతర వచ్చిందంటే తెల్ల నంబర్ ప్లేట్ కార్లు కిరాయికి తిరుగుతాయి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయి ట్రిప్పుకు పనిచేయదని కంపెనీ అంటే దాని చేతిలో షరతు ఉంది. ఆ కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే లోపల కూర్చున్నవాళ్లకు పరిహారం దగ్గర కూడా పేచీ వస్తుంది. ప్యాకేజీ పాలసీ ఉన్న సొంత కారులో ఆ పేచీ లేదు. మూడు వేలు మిగులుతాయని పాత కారుకు ఉత్త థర్డ్ పార్టీ కట్టి, అందులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని గద్దెలకు పోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కంపెనీలు సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. మా బావ క్లెయిమ్‌నే ఆలస్యంగా చెప్పారన్న సాకుతో మొదట తిప్పికొట్టారు. ఆలస్యం ఒక్కటే చూపి నిజమైన క్లెయిమ్‌ను యాంత్రికంగా కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2017లో ఓం ప్రకాశ్ కేసులో చెప్పిన మాట రాసి ఫిర్యాదు పెడితే మళ్లీ తెరిచారు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. అయితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న ‘మీరు కంపెనీకి ఎప్పుడు, ఎట్లా చెప్పారు’ అనే. కాల్ సెంటర్ అమ్మాయి ‘‘నోట్ చేసుకున్నాం సార్’’ అన్నదానికి సాక్ష్యం ఉండదు. క్లెయిమ్ నంబర్ అడిగి రాసుకోండి, అదే విషయం ఈమెయిల్‌లో కూడా పంపి దాచుకోండి. మనిషికి దెబ్బ తగిలిన కేసులో అయితే మీ కారు రిపేరు అడగకపోయినా సరే ఆ ఈమెయిల్ పంపండి.